మళ్లీ అన్నం ముందు కూర్చునే రోజు సంగతి

“42 ఏళ్లు, 88 కిలోలు, షుగర్ బార్డర్‌లో ఉంది. కీటో, అట్కిన్స్, వీఆర్‌కే డైట్‌లలో ఏది మొదలుపెట్టమంటారు?” అని అడిగారు. నేను డాక్టర్ని కానండీ. 2019లో నాలుగు నెలలు కీటో చేసి 84 కిలోల నుంచి 72కి దిగి, ఏడాది తిరక్కుండానే 81కి ఎక్కినవాణ్ణి. తర్వాత వేరే దారిలో 75కి వచ్చి, నాలుగేళ్లుగా అటూ ఇటుగా అక్కడే ఉన్నాను.

ఈ మూడూ అన్నం లాంటి పిండిపదార్థాలు, అంటే కార్బ్స్, బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే పథ్యాలే. బరువు తగ్గడం వరకైతే ఇవన్నీ పనిచేస్తాయి. మొదటి వారంలోనే నాకు మూడు కిలోలు పోయాయి, వీధంతా చాటుకున్నాను. అందులో ఎక్కువ భాగం నీళ్లేనని తర్వాత తెలిసింది. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే చక్కెర గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే అదీ ఇదీ కలిసి పోతాయి. అన్నం మొదలుపెడితే కలిసే వస్తాయి.

అట్కిన్స్‌లో మొదటి రెండు వారాలు రోజుకి 20 గ్రాముల కార్బ్స్ దాటకూడదు. వండిన అన్నం 100 గ్రాముల్లోనే 28 దాకా ఉంటాయి కాబట్టి, మన లెక్కలో అది పిడికెడు అన్నం. కాకపోతే ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడానికి మెట్లు పెట్టారు. కీటోలో ఆ మెట్లు లేవు. అసలది బరువు కోసం పుట్టింది కూడా కాదు, 1920లలో మూర్ఛ రోగులకోసం వాడిన పథ్యం. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన వీఆర్‌కే డైట్ మీకు తెలిసే ఉంటుంది: రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. మా బాబాయి అది చేసి బాగానే తగ్గాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి, నేను కాదు.

నా సంగతి చూడండి. పొద్దున నెయ్యిలో ఆమ్లెట్, మధ్యాహ్నం కాలీఫ్లవర్ తురిమి దానికే “అన్నం” అని పేరు పెట్టుకుని గోంగూర కలుపుకోవడం, రాత్రి చికెనో పనీరో. ఆకలి మాత్రం నిజంగానే వేసేది కాదు, అందులో అబద్ధం లేదు. మొదటి పది రోజులు తలనొప్పి, కాళ్లు పీకుడు. నీళ్లు తాగుతూ ఉప్పు తగ్గించడం నా తెలివితక్కువ. అన్నిటికంటే కష్టం పప్పు మానడం. కందిపప్పులో కూడా కార్బ్స్ ఎక్కువే కదా, పప్పు లేని ఇల్లు ఇల్లులా ఉండదు. మీరు శాకాహారులైతే ఇది ఇంకా ఆలోచించుకోవాలి. సంక్రాంతికి అత్తగారింట్లో ఒక్క అరిసె అని మొదలుపెట్టాను. ఆ పూట ఎన్ని తిన్నానో మా ఆవిడ ఇప్పటికీ లెక్క చెబుతుంది. దిగడానికి మెట్టు లేకపోవడంతో అక్కడి నుంచి జారుడే.

రిపోర్టులు కూడా చెప్పాలి. మూడు నెలల సగటు షుగర్ 6.2 నుంచి 5.7కి వచ్చింది, రక్తంలో కొవ్వులైన ట్రైగ్లిజరైడ్స్ 240 నుంచి 130కి. చెడ్డ కొలెస్ట్రాల్ మాత్రం 128 నుంచి 171కి పోయింది. అందరికీ ఇలా పెరగదంటారు, నాకు పెరిగింది.

2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందిని ఏడాదిపాటు కొవ్వు తగ్గించే గుంపు, కార్బ్స్ తగ్గించే గుంపు అని విడదీసి చూస్తే రెండు గుంపులూ సగటున ఐదారు కిలోలే తగ్గాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు. అది చదివాకే నా పంతం సడలింది. ఇప్పుడు మధ్యాహ్నం కొలిచిన ఒక కప్పు అన్నం, దానికి రెండింతల కూర, పప్పు, పెరుగు. రాత్రి అన్నం లేదు, గుడ్లో, పెసరట్టో. ఇది ఏ పేరున్న డైట్‌కీ చెందదు. పేరే కావాలంటే మయామీ గుండె డాక్టర్ అగాట్‌స్టన్ పెట్టిన సౌత్ బీచ్‌కి కాస్త దగ్గర: అక్కడా మొదటి రెండు వారాలు గట్టిగా ఉండి, తర్వాత పండ్లూ ముడిధాన్యాలూ వెనక్కి తెచ్చుకుంటారు.

మీకైతే నేను కీటో చెప్పను. అంత గట్టిగానే చేయాలని ఉంటే అట్కిన్స్ మెట్లు చూసి, మళ్లీ అన్నానికి వచ్చే నెలల పథకం కూడా ముందే రాసుకుని మొదలుపెట్టండి. ముందొకసారి, మూడు నెలలకొకసారి లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) చేయించుకోండి.

షుగర్ మాత్రలు వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. నన్ను చూసి మా అమ్మ కూడా అన్నం మానేసింది, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంది. మూడో రోజు పొద్దున చెమటలు పట్టి వంటింట్లో కూలబడింది. గ్లూకోమీటర్‌లో 52, షుగర్ బాగా పడిపోయింది. చక్కెర నీళ్లు తాగించి తేర్చుకున్నాం. డాక్టర్ని అడగకపోవడం మా తప్పే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకి కీటోతో ప్రమాదం ఇంకో రకం, షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. అలాంటి మాత్ర ఏదైనా ఉంటే చీటీ పట్టుకుని ముందు మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అన్నం సంగతి ఆ తర్వాత.