గుక్క పడతాడన్న భయంతో అడిగిందల్లా ఇచ్చేస్తున్నాం.. ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు 3 సంవత్సరాల 4 నెలలు. బరువు 13.5 కిలోలు. మాటలు బాగానే వచ్చాయి. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. నేనూ మావారూ ఉద్యోగాలకు వెళ్తాం. అడిగింది వెంటనే ఇవ్వకపోతే బాబు కింద పడి దొర్లుతాడు, చేతికి అందిన వాళ్లను కొడతాడు. ఈ మధ్య మూడుసార్లు గుక్కపట్టి ఏడ్చి, పెదాలు నీలంగా మారి, కొన్ని సెకన్లు సోలిపోయాడు. అప్పటి నుంచి వాడు ఏడుపు మొదలుపెట్టకముందే అత్తయ్య ఫోన్ ఇచ్చేస్తున్నారు. గారాబంతో చెడిపోతున్నాడని మావారు కొడుతున్నారు. ఫోన్ లేనిదే ముద్ద మింగడు. పాలు మాత్రం రోజుకు మూడు పెద్ద సీసాలు తాగుతాడు. ఇది మూర్ఛా? నేను ఉద్యోగం మానేస్తే దారికొస్తాడా?
- ఓ సోదరి, విజయవాడ

జవాబు: ముందు మీ అత్తయ్యగారి భయం సంగతి చూద్దాం. అది తీరనిదే మీ ఇంట్లో ఏ నియమం పెట్టినా రెండో రోజుకే సడలిపోతుంది.

మీరు రాసినదాన్ని బట్టి ఇది మూర్ఛలా లేదు. గుక్క పట్టడాన్ని వైద్యంలో బ్రెత్ హోల్డింగ్ స్పెల్ అంటాం. ఎక్కువగా 6 నెలలు దాటిన పిల్లల్లో మొదలై, చాలామందిలో 5 ఏళ్లకల్లా పోతుంది. కోపంతోనో నొప్పితోనో ఏడుస్తూ ఊపిరి బయటికి వదిలినచోటే ఆగిపోతారు. పెదాలు నీలంగా మారతాయి, ఒళ్లు వేలాడిపోతుంది, ఒక్కోసారి బిగుసుకుంటుంది. సాధారణంగా నిమిషం లోపే ఊపిరి దానంతటదే అందుతుంది. దీనివల్ల మెదడు దెబ్బతినదు, ఇది ముదిరి మూర్ఛ వ్యాధి కాదు. ఇంకోమాట, పిల్లాడు దీన్ని కావాలని చేయడు. మీవారికి ఇది తప్పకుండా చెప్పండి.

గుక్క పట్టినప్పుడు బాబును నేల మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ తగిలే వస్తువులు తీసేయండి. గడియారం చూస్తూ పక్కనే ఉండండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, ముఖాన నీళ్లు కొట్టడం, భుజాలు పట్టి ఊపడం వద్దు. వీటిలో ఏదీ ఊపిరిని తెప్పించదు, చెంచాతో పళ్లు విరిగే ప్రమాదం మాత్రం ఉంది. ఊపిరి అందాక కాసేపు ఒళ్లో పెట్టుకోండి. కానీ దేనికోసం ఏడ్చాడో ఆ వస్తువు మాత్రం ఇవ్వకండి.

ఏడుపు లేకుండా సోలిపోయినా, నిద్రలో వచ్చినా, నిమిషం దాటినా, పరుగెత్తుతూ పడిపోయినా, ముఖం తెల్లగా పాలిపోయినా, దగ్గరి బంధువుల్లో చిన్న వయసులో ఆకస్మిక మరణాలు ఉన్నా వెంటనే డాక్టర్‌కు చూపించి ఈసీజీ తీయించాలి. వీలైతే ఒకసారి వీడియో తీయండి. డాక్టర్‌కు అది ఎంతో ఉపయోగపడుతుంది.

ఇక మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది మూడు సీసాల పాలు. సీసాకు 250 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 750. ఈ వయసులో 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటకూడదు. పాలలో ఇనుము దాదాపు ఉండదు, పైగా కడుపు నింపేసి అన్నం తిననివ్వవు. ఇనుము తగ్గిన పిల్లలు చిరాగ్గా ఉంటారు, ఆకలి మందగిస్తుంది, గుక్క పట్టడం కూడా వాళ్లలో ఎక్కువ. మీరు మొండితనం అనుకుంటున్న దాంట్లో కొంత రక్తహీనత వాటా ఉండొచ్చు. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉండి ఫెరిటిన్ పడిపోయిన పిల్లలూ ఉంటారు.

ఇనుము తక్కువని తేలితే సాధారణంగా రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. మీ బాబుకు అది సుమారు 40 మిల్లీగ్రాములు. సిరప్ లేబుల్ మీద మందు మొత్తం బరువు వేరుగా, అందులోని అసలు ఇనుము వేరుగా ఉంటాయి. ఈ లెక్క అసలు ఇనుముది, కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లు వేయాలో డాక్టర్‌తోనే రాయించుకోండి. పాలతో కలిపి వేయొద్దు. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు. హిమోగ్లోబిన్ సరైపోయాక కూడా నిల్వలు నిండేందుకు రెండు మూడు నెలలు కొనసాగించాల్సి ఉంటుంది. సిరప్ సీసాను పిల్లాడికి అందనంత ఎత్తులో పెట్టండి, ఎక్కువ తాగితే ప్రాణాపాయం. తిండిలో గుడ్డు, చేప, చికెన్ లివర్, కందిపప్పు, తోటకూర ఉండేలా చూడండి. పప్పన్నంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఇప్పుడు పెంపకం. అమెరికాలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో బడికి ముందు వయసు పిల్లల కుటుంబాలను దగ్గరగా గమనించి, పెంపకంలో మూడు తీరులు చెప్పారు: ఆంక్షలే తప్ప ఆప్యాయత చూపనిది, ఆప్యాయతే తప్ప కట్టడి లేనిది, రెండూ ఉన్నది. తర్వాత 1983లో మరో ఇద్దరు పరిశోధకులు రెండూ లేని నాలుగో తీరును చేర్చారు. రెండూ దండిగా దొరికిన పిల్లల్లో తమను తాము అదుపు చేసుకోవడం, నలుగురితో కలవడం మెరుగ్గా ఉంటాయని ఆ తర్వాతి పరిశోధనలు కూడా ఎక్కువగా చెబుతూ వచ్చాయి. అయితే మన ఉమ్మడి ఇళ్లలో ఒకే హాల్లో రెండు మూడు తీరులు ఉంటాయి. నాన్న దగ్గర దెబ్బ, నానమ్మ దగ్గర ఫోన్, అమ్మ దగ్గర ఆ రోజు ఓపికను బట్టి. మూడేళ్ల బుర్ర ఇందులోంచి నేర్చుకునేది ఒకటే: గట్టిగా, ఇంకాసేపు ఏడిస్తే ఎవరో ఒకరు దిగివస్తారు. పదిసార్లలో రెండుసార్లు ఫలించిన ఏడుపు, ప్రతిసారీ ఫలించిన ఏడుపు కంటే గట్టిగా పాతుకుపోతుంది. ఈసారి కూడా దొరకవచ్చన్న ఆశ పోదు కాబట్టి.

అందుకే బాబు నిద్రపోయాక పెద్దవాళ్లు నలుగురూ కూర్చోండి. గుక్క గురించి నేను పైన రాసింది ముందు చదివి వినిపించండి. తర్వాత మూడే మూడు నియమాలు ఎంచుకోండి: అన్నం దగ్గర ఫోన్ లేదు, ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, పాలు రోజుకు రెండు గ్లాసులే, సీసా లేదు. ‘ఎవరూ ఎవరినీ’ అన్నదాంట్లో మీవారు కూడా ఉన్నారు. దెబ్బ పడితే ఏడుపు ఆగుతుంది, నిజమే. కానీ అది భయంతో ఆగుతుంది, ఆ మనిషి ఇంట్లో ఉన్నంతసేపే ఆగుతుంది. తనకంటే చిన్నవాళ్ల మీద, వయసైన వాళ్ల మీద చేయి ఎత్తవచ్చని కూడా అక్కడే నేర్చుకుంటాడు. మిగతా అల్లరిని, అంటే బట్టలు మురికి చేసుకోవడం, బొమ్మలు పరవడం లాంటివాటిని ప్రస్తుతానికి వదిలేయండి. పది నియమాలు పెడితే ఒక్కటీ నిలవదు.

ఒకరు వద్దన్నాక మిగతావాళ్లు మాట్లాడకూడదు. అభిప్రాయభేదం ఉంటే పిల్లాడు లేనప్పుడు తేల్చుకోండి. మీ అత్తయ్యగారిని తప్పుపట్టే ధోరణిలో మాత్రం మాట్లాడకండి. పగలంతా చూసుకునేది ఆవిడే, బాబుకు దొరుకుతున్న ఆప్యాయతలో పెద్ద భాగం ఆవిడదే. ఫోన్ తీసేసినప్పుడు ఆవిడ చేతికి వేరే పని కావాలి. పక్కన కూర్చుని కథ చెప్పడం, బఠాణీలు ఒలిపించడం ఆవిడకు అప్పగించండి.

ఏడుపు మొదలైతే వాడి కళ్ల ఎత్తుకు కూర్చుని ఒక్క వాక్యం చెప్పండి: ‘ఫోన్ కావాలని ఉంది, దొరకలేదని కోపం వచ్చింది, ఇప్పుడు ఇవ్వను’. ఆ తర్వాత మాటలు ఆపేయండి. ఆ స్థితిలో వాడికి నీతులు ఎక్కవు. కొడితే చేయి పట్టుకుని ‘కొట్టనివ్వను’ అని చెప్పి, కాస్త దూరం జరిగి, కనిపించేలా ఉండండి. చల్లబడ్డాక నీళ్లిచ్చి దగ్గరికి తీసుకోండి. అప్పుడు కూడా ‘మళ్లీ చేయనని ఒట్టెయ్’ లాంటివి వద్దు.

మొదటి వారం ఏడుపు తగ్గకపోగా పెరగొచ్చు. చాలా ఇళ్లలో ప్రయత్నం ఇక్కడే ఆగిపోతుంది. నాలుగో రోజు అరగంట ఏడ్చాక ఫోన్ ఇస్తే, ఇకపై అరగంట ఏడవాలని మీరే నేర్పినట్టు. ఆ వారం ఊరి ప్రయాణాలు, పెళ్లిళ్లు లేకుండా చూసుకుని మొదలుపెట్టండి.

ఫోన్‌ను ముందు ఒక్క పూట, ఉదయం టిఫిన్ దగ్గర ఆపండి. నాలుగైదు రోజులకు రెండో పూట. కింద పాత చీర పరిచి, చిన్న ఇడ్లీ ఒకటి పెట్టి, స్వయంగా తిననివ్వండి, ఒలికినా పర్వాలేదు. అరగంటలో తినకపోతే ఏమీ అనకుండా కంచం తీసేయండి. తర్వాతి తిండి రెండున్నర, మూడు గంటలకే. ఈ మధ్యలో మంచినీళ్లు తప్ప పాలు, బిస్కెట్లు ఇస్తే ఆకలి ఎప్పటికీ తెలియదు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ చేతిలో ఉంది, ఎంత తినాలన్నది వాడి కడుపుకు వదిలేయండి. 13.5 కిలోలు ఈ వయసుకు మామూలు పరిధిలోనే ఉంది. ఈ వయసులో ఏడాదికి సుమారు రెండు కిలోలే పెరుగుతారు. మొత్తం మీద రోజుకు స్క్రీన్ గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిద్ర పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటలు ఉండాలి. నిద్ర చాలని రోజు మొండితనం రెట్టింపవుతుంది.

ఉద్యోగం మానాల్సిన పని లేదు. తల్లి ఉద్యోగం వల్ల పిల్లలు ఇలా తయారవరు. ఇంటికి రాగానే ఫోన్ పక్కన పెట్టి రోజూ 10 నిమిషాలు వాడు చెప్పిన ఆట ఆడండి. ఆ పది నిమిషాల్లో ‘ఇది ఏ రంగు’ లాంటి పరీక్షలు, ‘అలా కాదు’ అనే దిద్దుబాట్లు వద్దు. రోజులో మంచి పని చేసినప్పుడు ఆ పని పేరు పెట్టి మెచ్చుకోండి: ‘కోపం వచ్చినా కొట్టకుండా చెప్పావు’. మీవారు కూడా రోజుకొక పని, స్నానమో రాత్రి కథో, తన వంతుగా తీసుకుంటే మంచిది. ప్రస్తుతం వాడికి నాన్న అంటే దెబ్బే గుర్తొస్తోంది.

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా చేశాక కూడా ఏడుపు తరచూ 25 నిమిషాలు దాటుతున్నా, రోజుకు ఐదారుసార్లు వస్తున్నా, తల నేలకు కొట్టుకోవడం, తనను తాను కొరుక్కోవడం కనిపించినా పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి వెళ్లండి. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు తగ్గిపోవడం ఉంటే ఆ వారాలు కూడా ఆగొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఎదుగుదల పరీక్షలు, థెరపీ ఉచితం. ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగంలో అడిగితే అక్కడికి పంపిస్తారు.