తుడిచాకే నూనె

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చెన్నై తిరువాన్మియూరులో ఇల్లు తీసుకుని, టైడెల్ ఐటీ పార్కుకు రోజూ సైకిల్ మీదే వెళ్తున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషంరా. కానీ సముద్రానికి అంత దగ్గర్లో సైకిల్‌ని మన ఊళ్లో చూసుకున్నట్టు చూసుకుంటే కుదరదు. అక్కడి గాలిలోనే ఉప్పుంది. ఇనుము మీద చేరిన ఉప్పు తేమను లాక్కుంటుంది. అందుకే వాన చుక్క పడకపోయినా నూనె లేని గొలుసు ఎర్రబడుతుంది.

కాబట్టి ముందు గొలుసు సంగతి. కిర్రుమనగానే పైనుంచి నూనె పోసెయ్యకు. పైనున్న ఇసుక నూనెతో కలిసి లోపలికి దిగి, గొలుసు లంకెల్ని కలిపే పిన్నుల్ని సానపట్టినట్టు అరగదీస్తుంది. చప్పుడు తగ్గేసరికి బాగైందనుకుంటాం, లోపల అరుగుదల సాగుతూనే ఉంటుంది.

వారానికి ఒకసారి ఇలా చెయ్యి. మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో ఫ్రేము, రిమ్ములు, చువ్వలు తుడిచి, వెంటనే పొడిగుడ్డ పెట్టు. గొలుసుకు మాత్రం కిరోసిన్, అది దొరక్కపోతే కాస్త డీజిల్ అద్దిన గుడ్డ. పెట్రోలు జోలికి వెళ్లకు, ఇంట్లో ప్రమాదం. గుడ్డను కింది వరస మీద పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పు, నలుపు అంటడం ఆగేదాకా. వేళ్లు పళ్ల చక్రాల దగ్గరికి పోనివ్వకు. తర్వాత అరగంట ఆరనివ్వు. తడి మీదే వేస్తే నూనె పలచబడి కారిపోతుంది.

ఇప్పుడు ఒక్కో రోలర్ మీద, అంటే పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం మీద, ఒక్కో చుక్క. వందకు పైగా రోలర్లున్నా మొత్తం టీస్పూను నూనె మించదు. పెడల్ ముప్పై చుట్లు తిప్పి, పది నిమిషాలాగి, పైన మిగిలిన నూనెనంతా తుడిచెయ్యి. దాని పని రోలర్ లోపలే, బయట మిగిలింది దుమ్మును పట్టుకోవడానికే. వేలితో రాస్తే సన్నటి జిడ్డు తగలాలి. నల్లమరక అంటిందంటే ఇంకా తుడవాలి. వంటనూనెలు వద్దు, గాలికి బంకగా మారతాయి. కుట్టుమిషను నూనె మరీ పలచన, ఒక్క వానకే పోతుంది. సైకిల్ గొలుసుకని అమ్మే నూనే కొనుక్కో.

నెలకోసారి గొలుసును స్కేలుతో కొలువు. ఒక పిన్నును సున్నాగా పెట్టుకుని లెక్కపెడితే, దాని మధ్య నుంచి 24వ పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే గొలుసు మార్చు. ఎనిమిదో వంతు దాకా ఆగావంటే వెనక పళ్ల చక్రం, అదే ఫ్రీవీల్, దాని పళ్లు కూడా అరిగిపోయి, కొత్త గొలుసు దాని మీద జారుతుంది. అప్పుడు రెండూ కొనాల్సిందే.

గాలి వారానికోసారి, ఎండెక్కకముందే కొట్టు. ఎంతనేది టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది, దాన్ని దాటకు. ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయంటే మేకు గుచ్చుకోలేదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసింది. పంక్చర్ వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, చేతికి అంటనంతగా ఆరాకే ప్యాచ్ నొక్కు. తడి మీద అతికిస్తే ఊడిపోతుంది. టైరు లోపల వేళ్లతో తడిమి, గుచ్చుకున్నదేదో తీశాకే ట్యూబు పెట్టు.

బ్రేకు షూ రిమ్ముకే తగలాలి, టైరుకు తగిలితే దాన్ని కోసేస్తుంది. రబ్బరు మీది గాళ్లు అరిగిపోతే మార్చు. తీగ చివర ఒక్క పోగు తెగినా కొత్తది వేయించు, ఇందులో పొదుపు వద్దు.

ఏడాదికి రెండుసార్లు సీటు గొట్టం, పెడళ్లు విప్పి గ్రీజు రాయి. ఉప్పుగాలికి ఇవి బిగుసుకుపోతే ఊడదీయడం మహా కష్టం. ఎడమ పెడల్ మర వ్యతిరేకం, దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక బలం పెడితే మర చెడిపోతుంది.

అక్టోబరు వానలు మొదలయ్యాక గొలుసుకు చిక్కటి నూనె వాడు. చక్రం ఇరుసు మునిగేంత నీళ్లలో సైకిల్ నడిపావంటే చక్రం మధ్యలో ఇరుసు ఉండే హబ్బులోకి నీరు దిగినట్టే. ఆ వారంలోనే షాపులో విప్పించి, పాత గ్రీజు తీయించి కొత్తది పెట్టించు.

మామయ్య