అలర్ట్ పంపలేదని యూనివర్సిటీపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నాడు. నాలుగు నెలల కిందట, క్యాంపస్‌కు రెండు వీధుల అవతల ఉన్న అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర తుపాకీ చూపించి ల్యాప్‌టాప్, ఫోన్ లాక్కున్నారు. పోలీసు రిపోర్టు ఇచ్చాడు. అంతకు నాలుగు రోజుల ముందే ఇలాంటి దోపిడీ ఇంకొకటి జరిగిందట. యూనివర్సిటీ ఒక్క మెసేజ్ కూడా పంపలేదు. వాడికి రాత్రిళ్లు నిద్ర లేదు, వాళ్లమ్మ తిండి మానేసింది. నష్టపరిహారం కోసం కేసు వేయవచ్చా? క్యాంపస్ ఫుట్‌పాత్ మీద జరిగిందని రాస్తే బలంగా ఉంటుందని స్నేహితులంటున్నారు.
— ఒక తండ్రి

జవాబు: ఇంత రాశారు గానీ, ఆ మొదటి దోపిడీ ఎక్కడ జరిగిందో రాయలేదు. అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

అమెరికాలో క్యాంపస్ హెచ్చరికలకు ఆధారం 1990 నాటి క్లెరీ చట్టం. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో హత్యకు గురైన జీన్ క్లెరీ తల్లిదండ్రులు పోరాడి తెచ్చిన చట్టమది. దోపిడీ లాంటి నేరం జరిగి, ముప్పు ఇంకా ఉందని యూనివర్సిటీ భావిస్తే సకాలంలో అందరికీ తెలపాలి. అయితే ఆ నేరం క్యాంపస్‌లోనో, దాన్ని ఆనుకున్న రోడ్డు మీదో, యూనివర్సిటీ అధీనంలోని భవనంలోనో జరిగి ఉండాలి. ప్రైవేటు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లంతా విద్యార్థులే అయినా అది లెక్కలోకి రాదు. కాబట్టి మొదటి దోపిడీ యూనివర్సిటీ పార్కింగ్‌లో జరిగి ఉంటే ఎందుకు తెలపలేదన్న ప్రశ్న ఒకటి మీకు మిగులుతుంది. మరో అపార్ట్‌మెంట్‌లో జరిగి ఉంటే ఈ చట్టం కింద అదీ లేదు.

ఆ ప్రశ్న మిగిలినా, డబ్బు రాదు. ఈ చట్టం ఆధారంగా ఎవరూ నష్టపరిహారం దావా వేయకూడదని అందులోనే రాశారు. ఉల్లంఘన జరిగిందన్న సాక్ష్యాన్ని వేరే దావాలో చూపడానికీ వీల్లేదు. 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఉదయం 7.15కి మొదటి కాల్పులు జరిగితే 9.26కి గానీ ఈమెయిల్ వెళ్లలేదు. మొత్తం 32 మంది చనిపోయారు. హెచ్చరించలేదని దావా వేసిన రెండు కుటుంబాలకు అనుకూలంగా జ్యూరీ ఇచ్చిన తీర్పును సైతం 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. అమెరికా విద్యాశాఖ ఆ యూనివర్సిటీకి వేసిన జరిమానా చివరికి 32,500 డాలర్ల దగ్గర తేలింది.

ఇక టెక్సాస్ చట్టం కింద ప్రభుత్వ యూనివర్సిటీపై దావా అంటే, ఘటన జరిగిన ఆరు నెలల్లోపు నోటీసు ఇవ్వాలి. నాలుగు గడిచిపోయాయి! అయినా ఆ చట్టం ప్రధానంగా వాహనాలు, ఆస్తుల వల్ల కలిగే హానికే దారి ఇస్తుంది. మెసేజ్ పంపకపోవడం అందులో ఇమడడం కష్టం. నేనైతే దీని మీద ఫీజు పెట్టమని చెప్పను.

స్నేహితుల సలహా సంగతి. పోలీసు రిపోర్టులో అపార్ట్‌మెంట్ అని ఉంది. ఇప్పుడు ఫుట్‌పాత్ అని రాస్తే మీవాడు బాధితుడిగా ఉండడు, ముద్దాయి అవుతాడు. విద్యాశాఖ లాంటి ఫెడరల్ శాఖకు తెలిసి అబద్ధం రాసి ఇవ్వడానికి అయిదేళ్ల వరకు జైలు ఉంది. వీసా మీద ఉన్నవాడికి అలాంటి కేసు ఒక్కటి చాలు, చదువు అక్కడితో ఆగుతుంది. ఆ మాట మళ్లీ ఎత్తనివ్వకండి.

ఇంకొకటి. మెసేజ్ పంపలేదని మీకెలా తెలుసు? టెక్స్ట్ అలర్టు నమోదు చేసిన ఫోన్ నంబరుకే వెళ్తుంది. చాలామంది పిల్లలు అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన ఇండియా నంబరునే అలాగే వదిలేస్తారు. యూనివర్సిటీ ఈమెయిల్ తెరిచి చూడరు. ముందు మీవాడి ఇన్‌బాక్స్, స్పామ్ రెండూ ఆ తేదీలకు వెతికించండి. నా దగ్గరికి రాకముందే చేయాల్సిన పని అది.

తర్వాత క్యాంపస్ పోలీసు రోజువారీ నేరాల లాగ్ అడగమనండి. అరవై రోజుల లోపు వివరాలు ఎవరు వెళ్లినా చూపాలి. అంతకంటే పాతవి అడిగిన రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మొదటి దోపిడీ ఆ లాగ్‌లో ఉండి, స్థలం క్యాంపస్‌ది అయి, అలర్టు లేకపోతే, ఆ కాగితాలతో అమెరికా విద్యాశాఖకు ఫిర్యాదు చేయండి. డబ్బు రాదు గానీ విచారణ రావచ్చు. 2024లో లిబర్టీ యూనివర్సిటీకి ఈ చట్టం కిందే 1.4 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

కౌన్సెలింగ్, వైద్య ఖర్చుల కోసం టెక్సాస్ అటార్నీ జనరల్ కార్యాలయంలోని నేర బాధితుల పరిహార విభాగానికి దరఖాస్తు చేయించండి. గడువు సాధారణంగా మూడేళ్లు. ల్యాప్‌టాప్ ఖరీదు ఇవ్వరు. దానికి అద్దె ఇంటి బీమా ఉందేమో పాలసీ తీయండి.