కంపెనీ అండ లేకుండా సింథ్-పాప్ పాటలతో నిలబడగలమా?

తిరుపతిలోనే ఉంటూ సొంతంగా సింథ్-పాప్, అంటే సింథసైజర్ లాంటి ఎలక్ట్రానిక్ వాద్యాలతో చేసే పాప్ సంగీతం, చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. గాయని ఇమోజెన్ హీప్‌నే చూడండి. 1977లో ఇంగ్లండ్‌లో పుట్టారు. చిన్నప్పుడే పియానో నేర్చుకున్నారు. 2005లో ఫ్లాట్ తాకట్టు పెట్టి, రాసి, పాడి, ప్రొడ్యూస్ చేసి, ‘స్పీక్ ఫర్ యువర్‌సెల్ఫ్’ ఆల్బమ్‌ను సొంత లేబుల్ (పాటలు విడుదల చేసే సంస్థ) మీద తెచ్చారు.

అందులో ‘హైడ్ అండ్ సీక్’ పాట పుట్టిన తీరు నాకు ప్రాణం. కంప్యూటర్ మొరాయిస్తే, సంగీత కీబోర్డును హార్మొనైజర్‌కు, అంటే గొంతుకు తోడు స్వరాలు చేర్చే పరికరానికి, కలిపి పాడారు. వేరే వాద్యం లేదు. మీటలు నొక్కేకొద్దీ ఆ ఒక్క గొంతే బృందగానమవుతుంది! 2010లో ఆమె తర్వాతి ఆల్బమ్ ‘ఎలిప్స్’ సౌండ్ ఇంజనీరింగ్‌కు గ్రామీ కూడా వచ్చింది.

నేనూ తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీది గదిలో, రాత్రి బండ్ల మోత తగ్గాక, కిటికీకి దుప్పటి కట్టి రికార్డు చేస్తాను. ల్యాప్‌టాప్, దానికి కలిపి వాయించే చిన్న మిడి కీబోర్డు, ఒక మైకు ఉంటే మొదలుపెట్టొచ్చు. స్వరజ్ఞానం కావాలంటే మన ఊళ్లోనే శ్రీ వేంకటేశ్వర సంగీత, నృత్య కళాశాల ఉంది. తాకట్టు జోలికి మాత్రం వెళ్లకండి. ఆమెకు అప్పటికే రెండు ఆల్బమ్‌ల అనుభవం ఉంది.