ఒంటి వేడికే ఇంత తిండి ఖర్చు చేసే జంతువులు పరిణామంలో ఎలా నిలిచాయి?

ఒకే బరువున్న బల్లిని, ఎలుకను పక్కపక్కన పెడితే ఎలుకకు ఎన్నో రెట్లు ఎక్కువ తిండి కావాలి. ఆ తిండిలో అధిక భాగం వేడిగా మారిపోతుంది. ఇంత ఖరీదైన ఏర్పాటు ఎందుకు నిలిచింది, ఎప్పుడు మొదలైంది అని మీరు అడిగారు. నేను శాస్త్రవేత్తను కాను. తల్లిలేని కుక్కపిల్లలను చాలాకాలంగా సాకుతున్నాను. ఆ పనిలో పుట్టిన సందేహాలే నన్ను ఈ విషయం చదివేలా చేశాయి.

ముందు వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. కండరాల్లో అని చాలామంది అనుకుంటారు. పరుగెత్తేటప్పుడు అది నిజమే. కానీ ఊరికే పడుకుని ఉన్నప్పుడు పుట్టే వేడిలో పెద్ద వాటా కాలేయం, గుండె, మూత్రపిండాలు, మెదడు, పేగులది. 1980లలో ఆస్ట్రేలియాలో ఎల్స్, హల్బర్ట్ అనే పరిశోధకులు ఎలుకల అవయవాలను, బల్లుల అవయవాలను పోల్చి చూశారు. ఎలుక అవయవాలు పెద్దవి, వాటిలో మైటోకాండ్రియా (కణాల్లో శక్తిని తయారుచేసే చిన్న భాగాలు) పొరల విస్తీర్ణం ఎక్కువ. పైగా ఎలుక కణాల పొరలు ఎక్కువగా కారుతాయి. సోడియం లోపలికి చొరబడుతూనే ఉంటుంది, కణం దాన్ని బయటికి పంపుతూనే ఉంటుంది. చిల్లుపడ్డ పడవలో కూర్చుని నీళ్లు తోడుతున్నట్టే. ఆ పనికి ఖర్చయిన శక్తి అంతా చివరికి వేడిగానే బయటపడుతుంది.

ఇక్కడే పరిణామానికి సంబంధించిన అసలు చిక్కు ఉంది. ఒంటిమీద బొచ్చు గానీ ఈకలు గానీ లేని ఒక చిన్న జంతువులో వేడి ఉత్పత్తి కొద్దిగా పెరిగిందనుకోండి. ఆ కొద్ది వేడీ వెంటనే గాలిలో కలిసిపోతుంది. తిండి ఖర్చు పెరుగుతుంది, ఒళ్లు మాత్రం వెచ్చబడదు. కాబట్టి మొదటి అడుగుల్లో లాభం వేడివల్ల కాక మరోదానివల్ల వచ్చి ఉండాలి. 1979లో బెన్నెట్, రూబెన్ చెప్పిన జవాబు ఓపిక. ఎక్కువసేపు అలసిపోకుండా పరుగెత్తగలిగే జంతువు వేటలోనూ, తప్పించుకోవడంలోనూ నెగ్గుతుంది. విశ్రాంతి సమయంలో పెరిగిన ఖర్చు ఆ సామర్థ్యంతో పాటే వచ్చింది అన్నారు. మంచి వాదనే. కానీ పరుగెత్తే కండరాలు బలపడితే, పడుకున్నప్పుడు కాలేయం, పేగులు అంత ఖర్చు ఎందుకు చేయాలి అనేదానికి అది సరిగా సమాధానం ఇవ్వదు.

2000లో కొలీన్ ఫార్మర్, పావెల్ కొటేయా వేర్వేరుగా ఇంకో జవాబు ఇచ్చారు: పిల్లల పెంపకం. నాకు ఇదే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. కారణం చెబుతాను.

అప్పుడే పుట్టిన కుక్కపిల్ల తన వేడిని తాను నిలుపుకోలేదు. మొదటి రోజుల్లో దానికి వణకడం కూడా చేతకాదు. చల్లబడిన పిల్లను చేతిలోకి తీసుకుంటే నోటి లోపల కూడా చల్లగానే ఉంటుంది. వేలు పెడితే నాలుక పట్టుకోదు. ఆ స్థితిలో పాలు పట్టకూడదని పశువైద్యులు గట్టిగా చెబుతారు. ఒంటి వేడి సుమారు 34, 35 డిగ్రీలకు దిగితే పేగుల కదలిక మందగిస్తుంది, తాగిన పాలు అరగవు. నెమ్మదిగా వెచ్చబెట్టాక నాలుక వేలి చుట్టూ మడతపడుతుంది, లాగడం మొదలవుతుంది. అప్పుడే పాలు. వేడి లేకపోతే తిండి ఉన్నా లేనట్టే అని ఆ పిల్లలను పట్టుకున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. తల్లి వెచ్చదనం ఇస్తే పిల్ల తాగిన పాలు ఎదుగుదలకు పోతాయి, లేకపోతే వేడికే కరిగిపోతాయి.

తల్లి వైపు నుంచి కూడా చూడండి. పాలిచ్చే కుక్క మామూలు కన్నా రెండు మూడు రెట్లు తింటుంది. అంత తిండిని అరిగించి పాలుగా మార్చాలంటే పెద్ద పేగులు, పెద్ద కాలేయం కావాలి. పాలిచ్చే ఎలుకల్లో ఈ అవయవాలు కొలిస్తే తెలిసేంతగా పెరుగుతాయి కూడా. విశ్రాంతిలో వేడి పుట్టించేవి ఈ అవయవాలే కదా! ఓపిక వాదం వదిలేసిన ఖాళీని ఈ వాదం పూరిస్తోంది.

సరీసృపాల్లోనూ దీనికి ఆనవాళ్లున్నాయి. కొన్ని కొండచిలువల్లో తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలను అదిరించి వాటిని చుట్టూ ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంచుతుంది. దక్షిణ అమెరికాలోని తెగు అనే పెద్ద బల్లి జతకట్టే కాలంలో తన బొరియ కన్నా 10 డిగ్రీల వరకు వెచ్చగా ఉంటుందని 2016లో తేలింది. మిగతా ఏడాది అది మామూలు బల్లే.

అయితే అన్ని జంతువులకూ ఇదే దారి అనలేం. ట్యూనా చేప ఈత కండరాల్లో పుట్టిన వేడిని మొప్పల దగ్గర పోగొట్టుకోకుండా, ఎదురెదురుగా సాగే రక్తనాళాల వలతో ఒంట్లోనే నిలుపుకుంటుంది. ఓపా అనే చేపలో గుండెతో సహా ఒళ్లంతా నీటి కన్నా సుమారు 5 డిగ్రీలు వెచ్చగా ఉంటుందని 2015లో బయటపడింది. ఈ చేపలు పిల్లల్ని సాకవు. చల్లని లోతుల్లో వేగంగా ఈదడమే వాటి లాభం. తేనెటీగలైతే రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను వణికించి వేడెక్కుతాయి. ఎగరడానికీ అదే ఉపాయం, పట్టులోని పిల్లపురుగులను 34, 35 డిగ్రీల దగ్గర ఉంచడానికీ అదే.

ఇక ఎప్పుడు అన్నదానికి: 2022లో ఒక పరిశోధక బృందం శిలాజాల లోపలి చెవిని కొలిచింది. ఒళ్లు వెచ్చబడితే, తల కదలికలను పసిగట్టే లోపలి చెవి కాలువల్లోని ద్రవం పలచబడుతుంది, అందుకు తగ్గట్టు కాలువల ఆకారం మారాలి. ఆ మార్పు క్షీరదాల పూర్వీకుల్లో సుమారు 23.3 కోట్ల ఏళ్ల నాడు కనిపించింది. పక్షుల వంశం అంతకు చాలా ముందే, 30 కోట్ల ఏళ్లకు పూర్వమే విడిపోయింది. అవి ఈ వేడిని విడిగా సంపాదించుకున్నాయి. పక్షులకు, క్షీరదాలకు ఉన్నట్టే మొసలికీ నాలుగు గదుల గుండె ఉండటం చూసి, దాని పూర్వీకులు కూడా ఉష్ణరక్త జీవులేననీ, నీటిలో మాటువేసి వేటాడే బతుక్కి మారాక ఆ ఖర్చు వదులుకున్నాయనీ కొందరు అంటారు. ఆ వాదన ఇంకా తెగలేదు.