ఉస్తరా పట్టిన కొత్తలో

ప్రశ్న: సార్, నాకు 27 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. రెండు నెలల కింద ఆన్‌లైన్‌లో 600 రూపాయలు పెట్టి మడత ఉస్తరా ఒకటి తెప్పించాను. వీడియోలు చూసి నాలుగుసార్లు ప్రయత్నించాను. వెంట్రుక తెగట్లేదు, పీకుతోంది. కాస్త గట్టిగా నొక్కితే గదవ దగ్గర రెండుసార్లు లోతుగానే తెగింది. సోమవారం ఆఫీసులో పిల్లి రక్కిందా అని అడిగారు. మా నాన్నేమో "మంగలికత్తి నీకెందుకురా, ఉన్న రేజర్‌తో గీసుకోక" అంటున్నారు. నా చెయ్యి దీనికి పనికిరాదా? వదిలెయ్యమంటారా?
- పేరు వద్దు, కూకట్‌పల్లి

జవాబు: మీ చేతిని తర్వాత తిడదాం, ముందు ఆ కత్తి సంగతి చూడాలి. 600 రూపాయలకి వచ్చేవాటిలో చాలావరకు ఉస్తరా ఆకారంలో ఉన్న ఇనప ముక్కలే. కాగితం కోస్తాయి, కవరు చింపుతాయి, గడ్డం దగ్గరికొచ్చేసరికి మొరాయిస్తాయి. మంచి కంపెనీల కత్తులు కూడా పెట్టెలోంచి తీయగానే గడ్డానికి పనికొస్తాయన్న నమ్మకం లేదు, ఎవరో ఒకరు రాయి మీద నూరి ఇవ్వాల్సిందే. మీకు జరిగింది ఏమిటంటే, కత్తి తెగలేదు కాబట్టి మీరు నొక్కారు, నొక్కారు కాబట్టి చర్మం తెగింది. పదునున్న ఉస్తరాని నొక్కే పనే ఉండదు, దాని బరువు మీదే అది జారిపోతుంది. మొద్దు కత్తే ఎక్కువ కోస్తుంది, ఇది వంటింట్లో కూరలు తరిగే ఎవరినడిగినా చెబుతారు.

పదును చూడాలంటే బొటనవేలితో రుద్ది చూడకండి. ముంజేతి మీద వెంట్రుకలుంటాయి కదా, చర్మానికి తగలకుండా పావు అంగుళం పైన కత్తిని మెల్లగా పోనివ్వండి. వెంట్రుకల కొనలు టపటపా తెగి పడితే ఆ కత్తి ముఖానికి పనికొస్తుంది. ఊరికే వంగి లేస్తే పనికిరాదు. మీది వంగి లేచే రకమేనని నా అనుమానం.

అప్పుడేం చేయాలి? పాతకాలం ఉస్తరా నూరడం తెలిసిన పెద్దాయన ఎవరైనా మీ చుట్టుపక్కల సెలూన్లలో ఉన్నారేమో వాకబు చేయండి. నాకు నేర్పింది మా వీధి సెలూన్ అన్నే. లేదంటే నూరి అమ్మేవాళ్ల దగ్గర మంచిదొకటి కొనుక్కోండి, వేలల్లో అవుతుంది, దాపరికం ఎందుకు. 1000 నంబరు గరుకు రాయితో మొదలుపెట్టి 8000 నంబరు నున్నటి రాయి దాకా, ఆ పైదాకా ఇంట్లోనే నూరుకునేవాళ్లూ ఉన్నారు. కానీ గీయడం, నూరడం రెండూ ఒకేసారి మొదలుపెడితే గడ్డం సరిగా రానప్పుడు తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. మొదటి ఏడాది నూరడం వేరేవాళ్లకి వదిలేయండి.

నూరిన అంచుని సరిచేసే తోలు పట్టీ మాత్రం మొదటి రోజు నుంచీ మీ పనే. గీసుకునే ప్రతిసారీ ముందు ముప్పై నలభై సార్లు పట్టీ మీద అటూ ఇటూ లాగాలి. రాయి మీద అంచు ముందు నడుస్తుంది, తోలు మీద వెన్ను, అంటే కత్తి మొద్దు వైపు, ముందు నడుస్తుంది, అంచు వెనకాల ఈడ్చుకుంటూ రావాలి. చివర్లో తిప్పేటప్పుడు వెన్ను తోలు మీదే ఉండగా దొర్లించాలి, కత్తిని పైకెత్తి తిప్పకూడదు. పట్టీ బిగుతుగా లాగి పట్టుకోండి, వేలాడితే అంచు గుండ్రబడిపోతుంది. సినిమాల్లోలా చకచకా చేద్దామని నేను రెండో రోజే కొత్త పట్టీని నిలువునా చీల్చాను. మీరు మాత్రం మొదటి పట్టీ చవకది కొనండి.

ఇక ముఖం. వేడి నీళ్లతో రెండు మూడు నిమిషాలు బాగా తడిపితే వెంట్రుక మెత్తబడుతుంది, సగం పని అక్కడే అయిపోతుంది. మన దగ్గర ఇంకో చిక్కుంది, నీళ్లు. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లయితే సబ్బు నురగ రాదు, వచ్చినా నిమిషంలో పెటపెటలాడి ఆరిపోతుంది. బ్రష్ తిప్పడానికి ఒక్క మగ్గు మంజీరా నీళ్లు, అదే నల్లా నీళ్లు, పట్టుకోండి, లేకపోతే తాగే ఫిల్టర్ నీళ్లు వాడండి. నేను ఆరు నెలలు సబ్బులు మార్చి మార్చి చూశాక తెలిసిన ముచ్చట ఇది. ఫ్యాన్ కట్టేయండి. ఎండాకాలంలో ఒక చెంప గీసేలోపు రెండో చెంప ఎండిపోతుంది, మళ్లీ నురగ పెట్టుకోవడానికి బద్ధకించకూడదు.

మొదటి వారం చెంపలు మాత్రమే, చెవి పక్క నుంచి దవడ దాకా. మిగతాదంతా మీ మామూలు రేజర్‌తో పూర్తి చేసుకోండి, అందులో సిగ్గేమీ లేదు. రెండో చేత్తో చర్మం బిగించి లాగి పట్టండి, కత్తి వెన్నుకీ చర్మానికీ మధ్య సుమారు రెండు వెన్నుల మందం ఎడం ఉంచండి, అంటే ముప్పై డిగ్రీలకి అటూ ఇటూగా. ఎడం మరీ ఎక్కువైతే కోస్తుంది, మరీ తక్కువైతే పీకుతుంది. వెంట్రుక ఏ వాలుకి మొలిచిందో ఆ వాలుకే పొట్టి పొట్టిగా గీయండి, ఎదురు గీయడం ఇప్పుడప్పుడే వద్దు. అన్నిటికంటే ముఖ్యం, చర్మం మీద ఆన్చిన కత్తిని అంచు పొడవునా పక్కకి జరపకండి, కూరగాయ కోసినట్టు. ఇసుమంత జరిగినా చాలు, తెగినట్టు కూడా తెలీదు, ఎరుపు కనబడ్డాక తెలుస్తుంది. నా కుడి చెవి తమ్మె కింద ఇప్పటికీ గీత ఉంది.

చెంపలు కుదిరాక మెడ, చిట్టచివర మీసం కింద, గదవ. మీరు గదవతో మొదలుపెట్టారు, ఈత రానివాడు హుస్సేన్ సాగర్ మధ్యలో దిగినట్టు! గంటలో ఆఫీస్ కాల్ ఉన్న రోజున అసలు ముట్టుకోకండి, శని ఆదివారాలు పెట్టుకోండి. చిన్న గాటు పడితే చల్లటి నీళ్లు, తడిపిన పటిక ముక్క చాలు. మొటిమలున్న చోటు వదిలేయండి, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ జోలికి రావద్దు.

మీ నాన్నగారితో వాదించకండి. చెంప నున్నగా వచ్చిన రోజున ఆయనే తడిమి చూస్తారు.

ప్రశ్న: మా తాతగారి ఉస్తరా ట్రంకుపెట్టెలో దొరికింది. మీద సోలింగెన్ అని ఇంగ్లిషులో చెక్కి ఉంది, తుప్పు పట్టింది. వాడొచ్చా? సైకిల్ మీద సాన పట్టే ఆయన మా గల్లీకి వస్తుంటాడు, ఇవ్వనా?
- మల్కాజ్‌గిరి పాఠకుడు

జవాబు: ఇవ్వకండి! ఆ చక్రం కత్తిపీటలకీ, కత్తెరలకీ. ఉస్తరా అంచు పల్చన, చక్రం మీద నిప్పురవ్వలు లేచాయంటే ఆ వేడికి ఉక్కు మెత్తబడిపోతుంది, ఇక ఎవరూ బాగుచేయలేరు.

సోలింగెన్ జర్మనీలో కత్తులకి పేరుపడ్డ ఊరు, ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడకుండా 1938లోనే అక్కడ చట్టం చేశారు. అమెరికాలో జిల్లెట్‌కి సేఫ్టీ రేజర్ పేటెంట్ వచ్చింది 1904లో, అప్పటిదాకా గడ్డానికి చాలామందికి ఇలాంటి కత్తే దిక్కు. నిజమైనదైతే మీ చేతిలో ఉన్నది ఇవాళ కొత్తగా కొనేవాటికి తీసిపోదు. భూతద్దం పెట్టి చూడండి. తుప్పు వెన్ను మీదా, పక్కల మీదా ఉంటే ఫరవాలేదు, పోతుంది. అంచులోకి గుంటలు తిన్నా, పగులు కనిపించినా అలమారాలో పెట్టుకుని తాతగారిని తలుచుకోండి. బాగుంటే శుభ్రం చేయించి, నూరించి, స్పిరిట్‌తో తుడిచి వాడండి. ఇది కార్బన్ ఉక్కు, తడి తగిలితే గంటల్లో మచ్చలు పడతాయి. గీసుకోగానే తుడిచి ఆరబెట్టి, వానాకాలంలో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క రాసి, బాత్రూంలో కాకుండా బయట పెట్టండి.

ప్రశ్న: సెలూన్‌లో సగం బ్లేడు పెట్టే ఉస్తరా ఉంటుంది కదా, దాంతో నేర్చుకుంటే సులువా?
- దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు

జవాబు: చవక, నూరే పని లేదు, పట్టీ అక్కర్లేదు. కానీ సులువు కాదు. బరువు ఉండదు, బ్లేడు మూలలు సూదుల్లా ఉంటాయి, చిన్న పొరపాటుని కూడా క్షమించదు. అసలు ఉస్తరాకి బరువుంటుంది, అది కాస్త ఓర్చుకుంటుంది. సగం బ్లేడుతోనే నేర్చుకుంటానంటే ఇంకా తేలిక చెయ్యి కావాలి, అంతే. సెలూన్లలో అది ఎందుకంటే ప్రతి మనిషికీ బ్లేడు మార్చొచ్చు. రక్తం ద్వారా సోకే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది, కాబట్టి ఇంట్లో అన్నదమ్ములైనా సరే ఒకే కత్తి పంచుకోవద్దు.

ప్రశ్న: అన్నా, మా ఆయనకి ఈ పిచ్చి పట్టింది. కత్తి వాష్ బేసిన్ పక్కనే తెరిచి పెట్టి వెళ్లిపోతాడు. మా బాబుకి నాలుగేళ్లు. ఎంత చెప్పినా వినడు.
- ఒక ఇల్లాలు, చందానగర్

జవాబు: ఈ పేజీ ఆయన చేతికివ్వండి. బావగారూ, తడి బేసిన్ పక్కన తెరిచి పెడితే మీ కత్తి నెలలో తుప్పు పడుతుంది. బాబు సంగతి మా చెల్లెలు చెప్పింది కదా, మళ్లీ నేను చెప్పాలా? మడిచి, తాళం ఉన్న అలమారాలో పై అరలో పెట్టండి, తాళంచెవి ఆమెకివ్వండి.