సమాధానం: ఫ్రీ హెల్త్ చెకప్ పెట్టినా వర్కర్లు రావడం లేదు

మీ ఫ్యాక్టరీలో ఫ్రీ చెకప్‌కి వర్కర్లు రాకపోవడానికి కారణం బద్ధకం కాదండి, భయం. 120 మందిలో 14 మందే వచ్చారన్నారు కదా, రిపోర్టు హెచ్‌ఆర్ టేబుల్ మీదకు వెళ్తుందని, షుగర్ ఉందని తెలిస్తే ఉద్యోగానికి ఎసరు పెడతారని మిగతావాళ్లు ఆగిపోయి ఉంటారు. మా యూనిట్‌లోనూ ఇదే జరిగింది.

1. రిపోర్టు సీల్ చేసిన కవర్లో నేరుగా ఆ మనిషి చేతికే ఇవ్వాలి. అందరూ వదిలేసేది ఇదే. ఈ మాటే నోటీసు బోర్డు మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. మా దగ్గర ల్యాబ్ అబ్బాయి కవర్ అంటించి, పేరు పిలిచి ఇవ్వడం కళ్లారా చూశాకే మిగతావాళ్లు లైన్ కట్టారు.

2. ఫాస్టింగ్ షుగర్‌కి కనీసం 8 గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి కాబట్టి పొద్దున షిఫ్ట్ మొదట్లోనే రక్తం తీయించి, పక్కనే ఇడ్లీ, టీ పెట్టించండి. నైట్ షిఫ్ట్ వాళ్లకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి, దానికి పస్తు అక్కర్లేదు.

3. చెకప్‌కి పట్టే ఆ గంట జీతం కోయకండి.